బాస్కెట్‌బాల్‌కి తగిలిన దిష్టి

మంచులో ఇల్లు కదలక విసిగిపోయారని, ఇండియా నుంచి వచ్చిన మావయ్యగారిని ఈ రోజు నోవై దగ్గర ఓ చిన్న కాలేజీలో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. ప్రతి మ్యాచ్‌కీ మా ముందు వరసలో కూర్చునే స్టీవ్, అతని మిత్రులు ఎప్పటిలాగే సీజన్ విశ్లేషణలో ఉన్నారు. మన టీమ్ టైలర్ లాంటి షూటర్ కాన్ఫరెన్స్‌లోని కాలేజీలన్నిటిలో లేడట, ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రో అయితే అసలు గురి తప్పదట.

మావయ్యగారు కంగారుపడ్డారు. "అమ్మాయ్, అంతలా పొగడొద్దని చెప్పు. పిల్లాడికి దిష్టి తగులుతుంది."

నా ఇంజనీరింగ్ డిగ్రీని పక్కనపెట్టి ఇంగ్లీషులో చెప్పాను. అందరూ నవ్వారు.

ఆఖరి నిమిషంలో టైలర్ రెండు ఫ్రీ త్రోలూ మిస్ చేశాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఈసారి ఎవరూ నవ్వలేదు. స్టీవ్ వెనక్కి తిరిగి నన్ను అడిగాడు. "శనివారం గెలిస్తేనే ప్లేఆఫ్స్‌కి, అంటే చివరి రౌండ్లకి వెళ్తాం. అవతలి టీమ్ స్టార్‌ని ఈయన కాస్త పొగుడుతారా?"

"ఛ, పరాయి బిడ్డకి దిష్టి పెడతామా?" అన్నారు మావయ్యగారు. స్టీవ్ తన కాలేజీ టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టాడు.

"ఆ అవతలి టీమ్ కుర్రాడి పేరేంటో కనుక్కో అమ్మాయ్," అన్నారు.

ఐదేళ్ళుగా అతని వెనకే కూర్చుంటున్న నా పేరు స్టీవ్‌కి ఇప్పటికీ తెలియదు. మీ ఇళ్ళలో కళ్ళు మంచివి కాని చుట్టాలుంటే కామెంట్లో చెప్పండి. శనివారం మా వరసలో సీట్లు ఖాళీగానే ఉన్నాయి.