కొండ ఊరి కింద పేలిన దోశల పిండి

దోశల పిండి వల్ల జైలు గడప దాకా వెళ్లొచ్చిన మనిషి మీకు ఇంతవరకూ తారసపడి ఉండడు. నేనే ఆ మనిషిని. కంగారు పడకండి. పడాల్సిన కంగారంతా అప్పుడే నేను పడేశాను.

అప్పటికి సౌదీలోని జెడ్డాకు వచ్చి ఎనిమిది నెలలు. అంతకుముందు విజయవాడలో పత్రిక డెస్కు దగ్గర పదేళ్లు కూర్చుని లోకంలో అందరి తప్పులూ దిద్దాను. నా తప్పులు దిద్దే పని మా ఆవిడ సరళది. ఆమెకు వీసా వచ్చింది, వచ్చే గురువారమే విమానం. ఈలోగా నాకు వంటంతా వచ్చేసిందని ఫోన్లో కోతలు కోశాను. కోతలకు రుజువు కావాలి కదా! శుక్రవారం బాహా కొండల్లో వందల ఏళ్ల నాటి రాతి ఊరు చూసి, దాని కింద చెట్ల నీడన దోశలు పోసి, ఫొటో పంపాలని పథకం.

తోడు రాజన్న. జగిత్యాల వైపు మనిషి, మా కంపెనీలోనే మెయింటెనెన్సు పని. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, అరబిక్ గడగడా మాట్లాడతాడు. కారు కూడా అతనిదే.

రుబ్బిన పిండిని ఐదు లీటర్ల నీళ్ల క్యానులో అంచు దాకా పోశాను. ఘాట్ మలుపుల్లో ఒలకకూడదని మూత బిగించి పైన టేపు చుట్టాను. ఒక చుట్టు కాదు, ఏడు.

"సారూ, గంత గట్టిగ ఎందుకు బిగించిన్రు? పిండికి గాలాడొద్దా?"

"పిండికేమైనా ఊపిరితిత్తులున్నాయా రాజన్నా?" అని నవ్వాను. చూశారా, డెస్కు తెలివి!

దారి పొడవునా కొండ వాలుల్లో ద్రాక్ష తోటలు. ఇంకో దేశంలో ఆ పళ్లు ఏ సీసాల్లోకి చేరేవో మీకు తెలుసు. ఇక్కడ ఆ సీసా మీ దగ్గర కనపడితే మీరు ఎక్కడికి చేరతారో కూడా తెలుసు. రెండు పెట్టెల నల్ల ద్రాక్ష కొని డిక్కీలో క్యాను పక్కనే సర్దాం. కారును మండుటెండలో వదిలి ఊరెక్కాం.

కొండకు అతుక్కున్న నాలుగంతస్తుల రాతి ఇళ్లు. రాజన్న ఒక గోడ తడిమి, "సిమెంటు లేదు, సున్నం లేదు. మా మేస్త్రి జూస్తే ఏడుస్తడు" అన్నాడు. అంతలో కింద "ఢాం!" అని వినిపించింది.

"టూరిస్టుల కోసం పాత తుపాకీ పేల్చారేమో" అన్నాను.

రాజన్న కిందికి తొంగి చూశాడు. "తుపాకి గాదు సారూ. నా కారు."

పరుగున దిగాం. డిక్కీ సందుల్లోంచి ఊదారంగు నురగ బుసబుసా కారుతోంది. పక్కన ఒక పోలీసు నిలబడి గాలిని వాసన చూస్తున్నాడు. డిక్కీ తెరిపించాడు. చితికిన ద్రాక్ష, పొంగుతున్న నురగ, మూతెగిరిన క్యాను, గుప్పుమనే పులుపు. ఆయన స్థానంలో నేనుంటే నన్ను అక్కడికక్కడే అరెస్టు చేసేవాణ్ణి.

"ద్రాక్షలు పులియబెట్టి ఏం తయారుజేస్తున్నరని అడుగుతున్నడు" అన్నాడు రాజన్న.

"తినే వస్తువని చెప్పు."

"తినేదైతే ఎందుకు పేలిందంటున్నడు."

"రాత్రంతా ఉంచితే పులిసి పొంగుతుంది, ఎంత పులిస్తే అంత మజా అని చెప్పు."

"నేన్ జెప్ప సారూ! గా మాట జెప్తే మిమ్ములనే గాదు, నన్ను గూడ తోల్కపోతరు."

పోలీసు మా ఇద్దరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డులు, తీసుకుని జేబులో వేసుకున్నాడు. కేసు పెడితే నన్ను దేశం నుంచి పంపేస్తారు. గురువారం సరళ ఇక్కడ దిగే వేళకు నేను అక్కడ దిగుతాను.

క్యాను అడుగున కాస్త పిండి మిగిలింది. అది తిండేనని రుజువు చేద్దామని, వెంట తెచ్చిన స్టవ్ వెలిగించాను. మొదటి దోశ పెనానికి అతుక్కుంది. రెండోది మొదటిదానికి అతుక్కుంది. పోలీసు పెదవి విరిచాడు.

"వంటొచ్చినోని చెయ్యి గాదంటున్నడు" అన్నాడు రాజన్న.

ఇక ఒకటే దారి. సరళకు వీడియో కాల్ చేసి, ఫోన్ డిక్కీ వైపు తిప్పాను.

"ఏవండీ! మూత బిగించారా? పిండి పొంగుతుందని తెలీదా? క్యాను నిండా పోసేదెవరండీ? ఎనిమిది నెల్ల నుంచీ మీరు నేర్చుకుంది ఇదా? పాపం, ఎవరి కారది? ఆ పక్కనున్నదెవరు, పోలీసా? బాగా అయింది!"

ఊపిరి తీసుకోకుండా ఐదు నిమిషాలు. పోలీసు ఒక్క ముక్కకైనా అర్థం అడగలేదు. ఇదే పాట సొంత ఇంట్లో సొంత భాషలో విన్న మనిషిలా తల వంచుకుని విన్నాడు. ఆమె ఆపాక నా భుజం తట్టి, ఇఖామాలు తిరిగి చేతిలో పెట్టి, రాజన్నను ఏదో అడిగాడు.

"మేడం ఎప్పుడొస్తున్నదని అడుగుతున్నడు."

"గురువారం."

పోలీసు నవ్వి ఒక మాట అని వెళ్లిపోయాడు. రాజన్న డిక్కీ తుడుస్తూ చెప్పాడు: "శిక్ష గురువారం విమానంల వస్తున్నదట. ఇంక కేసెందుకన్నడు."

కాబట్టి పాఠకులారా, ఆ కొండల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ప్రాణం ఉండగా ఏ పిండి డబ్బాకూ మూత బిగించను. నిలబెట్టుకోవడం ఏమంత కష్టం కాదు. ఆ గురువారం నుంచి సరళ నన్ను డబ్బా ముట్టుకోనిస్తే కదా!