కల్యాణ మండపంలో చదివిన వార్త

మా పక్కింటి విలేకరి పోయిన ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశాడు. ఆరాధన కోసం మేడమీద మైకు బిగిస్తుంటే ఆయన భార్య గోడ అవతలి నుంచి కబురు చెప్పింది. మైకు విప్పేశాను. ఆయన ఎన్నేళ్లు బతిమాలినా నేను చేయని పని అది.

"మెల్లగా పిలవప్పా, దేవునికి చెవుడేమన్నా ఉండాదా?" అనేవాడు.

"దేవునికి లేదన్నా, నీకే ఉండాది," అనేవాణ్ణి.

నేను పాస్టరునే కానీ, ఏ కాలేజీలోనూ దైవశాస్త్రం చదవలేదు. చంకలో వాక్యం, గొంతులో బలం, అంతే. ఆయనేమో ఏ దేవుడికీ దండం పెట్టేవాడు కాదు. అయినా మా కూడికలకు తప్పకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. "తప్పిపోయిన గొర్రె దారికొచ్చింది!" అని నేను కేకేస్తే, "తప్పిపోలేదప్పా, వార్తకొచ్చినా," అనేవాడు.

ధర్నాలకు వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు మెడలో ఒకటి వేసుకుని, వీపున పిన్నీసుతో ఇంకొకటి గుచ్చుకునేవాడు. "లాఠీ ఎనక నించే వస్తాది. సదువొచ్చిన లాఠీ అయితే సదువుకుంటాది," అనేవాడు. ఇన్నేళ్లలో ఒక్క లాఠీకీ అక్షరం రాలేదని ఆయన భార్య వీపుకు నూనె రాస్తూ చెప్పేది.

రెండేళ్ల కిందట మా పక్క అడవిలో పోలీసు కాల్పులు జరిగి ఒక కూలి కుర్రాడు చనిపోయాడు. ఎర్రచందనం దుంగల దొంగ అన్నారు. గొడ్డలెత్తి మీదికొచ్చాడన్నారు. అక్కడికి అందరికన్నా ముందు చేరింది మా విలేకరే. కుర్రాడి తల్లి ఆయన చెయ్యి పట్టుకుని, "బిడ్డ ఎట్లాగూ రాడు నాయనా. దొంగ అనే పేరుతో మాత్రం పూడ్చొద్దని రాయి," అంది.

"సూసింది రాస్తానమ్మా," అన్నాడు. అంతకన్నా పెద్ద మాట ఆయన దగ్గర ఎవరికీ దొరికేది కాదు.

మర్నాడు బస్టాండు దగ్గర జనం రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు జనాన్ని వదిలి ముందు విలేకరులను వ్యానెక్కించారు. మీ రక్షణ కోసమేనంటూ కెమెరాలు, ఫోన్లు గుంజుకున్నారు. ఆ తల్లి కోసం ప్రార్థన చేస్తున్న నన్నూ ఎక్కించారు. చేతిలో మైకు ఉంది కదా!

"ఏ ఛానలప్పా నీది?" అన్నాడు కానిస్టేబులు.

"పరలోకం!"

"ఆహా, అదెప్పుడు పెట్టినారు?"

మమ్మల్ని తీసుకెళ్లి కల్యాణ మండపంలో పెట్టారు. మర్నాటి పెళ్లికి అరటిచెట్లు కట్టి, వీధివైపు మైకు హారన్లు బిగించి ఉంచారు. పూలు కడుతున్న ఆమె మాతో గుసగుసగా చెప్పింది: సాయంత్రంలోగా పూడ్చెయ్యమని తల్లిని తొందరపెడుతున్నారట, దొంగ శవానికి ఊరేగింపేంటని అంటున్నారట.

మా విలేకరి లేచాడు. సన్మానం చేస్తే కృతజ్ఞతలు చెప్పడానికి కూడా నోరు పెగలని మనిషి, వెళ్లి పెళ్లి మైకు అందుకున్నాడు.

"వార్త. ఆ పిల్లోని దగ్గర గొడ్డలి లేదు. నేను సూసినా. సద్ది డబ్బా ఉండాది. దాని మూత గూడా తియ్యలా."

"ఆమేన్!" అని అరిచాను.

ఇన్‌స్పెక్టరు పరిగెత్తుకొచ్చాడు. "ఎవడ్రా ఆమేన్ అనింది?"

"పరలోకం ఛానల్, సార్," అన్నాడు కానిస్టేబులు.

ఇన్‌స్పెక్టరు మైకు లాక్కున్నాడు. మా విలేకరి నెమ్మదిగా, "కెమెరా తీసుకుంటిరి, ఫోను తీసుకుంటిరి. నోరు అడగలేదు కదా సార్," అని కిటికీ దగ్గరికి నడిచాడు. కానీ ఆ గొంతు కిటికీ కూడా దాటలేదు. నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పప్పా. గట్టిగా."

సహోదరులారా, గట్టిగా అనే మాట ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే. ఆయన మెల్లగా చెప్పిన ప్రతి మాటనూ నేను వీధికి అందించాను. గొడ్డలి లేదు! సద్ది డబ్బా! మూత తియ్యలేదు! అధికారమున్నవాళ్లు వినాలి, చూసినవాడి నోరు నొక్కితే రాళ్లు కేకలేస్తాయి. వీధి నిండిపోయింది. బైబిల్లో పాటలకు చెరసాల తలుపులు తెరుచుకున్న ఘట్టం ఎన్నోసార్లు బోధించాను కానీ, నా గోల భరించలేక ఒక ఇన్‌స్పెక్టరు తానే తలుపు తీయడం అప్పుడే చూశాను. కుర్రాణ్ణి ఆ తల్లి మర్నాడు పట్టపగలు, ఊరందరి ముందు, వాడి పేరుతో సాగనంపింది.

మొన్న మా విలేకరిని పాడె మీద తీసుకెళ్తుంటే ఆ తల్లి కూడా వచ్చింది. రోడ్డు మలుపులో పలమనేరు బస్సు అదే పనిగా హారను కొట్టింది. ఆమె డ్రైవరు కిటికీ కిందికి వెళ్లి, "ఆపప్పా. విలేకరి పోతా ఉండాడు," అంది. డ్రైవరు ఇంజనే ఆపేశాడు. వెనక లారీలూ ఒకటొకటిగా ఇంజన్లు ఆపాయి. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినిపించని ఆ రోడ్డు మీద, పాడె ముందు ఆమె నడుస్తోంది.