పిట్ట ముట్టని విస్తరి

మా బాపు కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేశాడు. ఎవరితోనూ మెత్తగా మాట్లాడే మనిషి కాదు. కూరలో ఉప్పు తగ్గితే వాడంతా వినబడేది.

ఊపిరితిత్తులు పాడై దవాఖానలో చేరినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇగ సాలు బిడ్డా, నన్ను ఇంటికి తోల్కపోండ్రి" అన్నాడు. నేను వినలేదు. వెంటిలేటర్ పెట్టమని సంతకం చేసింది నేనే. ఎనిమిది రోజులు ఆ యంత్రమే ఆయన చేత ఊపిరి పీల్పించింది. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

బాపు పోయిన రెండో రోజే తమ్ముడు, ఆయన పంపిన వాయిస్ మెసేజీలన్నీ ఏదో ఏఐ యాప్‌లో వేశాడు. ఇక ఫోన్ బాపు గొంతుతో మాట్లాడసాగింది. పొద్దున లేస్తే అమ్మకు దానితోనే ముచ్చట. కంట నీటిచుక్క లేదు. మంచిదే అయిందనుకున్నాను. ఇలా ఉండటం నీకిష్టమేనా అని బాపును ఎవరం అడగలేదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. రానివ్వలేదు.

పదోరోజు చెరువు గట్టున పిట్టకు పెట్టాం. విస్తరిలో మటన్, గారెలు, పక్కన గ్లాసుడు కల్లు, ఆయన ప్రాణం తీసిన బీడీకట్ట కూడా. పిట్ట ముడితేనే పోయినవాళ్లకు కోరికేదీ మిగల్లేదని మా నమ్మకం. కాకులొచ్చాయి, చూశాయి, ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అందరం వరసగా మాటలిచ్చాం. "మగ్గం ఎవ్వలకు ఇయ్య బాపూ" అన్నాడు తమ్ముడు. "అమ్మను మంచిగ సూసుకుంట" అన్నాను నేను. కాకులు కదల్లేదు.

తమ్ముడికి ఓపిక పోయింది. "బాపునే అడుగుదాం" అని ఫోన్ తీశాడు. "ఏం గావాలె బాపూ?"

"నాకేం ఫికర్ లేదు బిడ్డా. మీరు మంచిగుంటే నాకు గదే సాలు" అంది ఫోన్.

అమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"మీ బాపు గింత మెత్తగ ఎన్నడన్న మాట్లాడిండా? దవాఖానల ఇగ సాలన్నడు. ఇన్నమా? ఇప్పుడన్న ఇందాం. బంద్ జెయ్ బిడ్డా."

తమ్ముడు నా వైపు చూశాడు. "తీసేస్తె ఈ గొంతు మళ్ల రాదక్కా."

మనిషిని పొమ్మనడం మాకు చేతకాలేదు. దానికే ప్రేమ అని పేరు పెట్టుకున్నాం.

"తీసెయ్" అన్నాను.

పిట్ట ఎప్పుడు ముట్టిందో నేను చూడలేదు. అమ్మ గట్టు మీద కూలబడి, "ఉప్పు లేదని ఒక్కసారన్న తిట్టిపోరాదూ" అంటూ ఏడుస్తోంది. పది రోజుల్లో అదే మొదటిసారి.