డప్పులకు లేవని పిల్ల

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎంతమంది పిల్లల డాక్టర్లు ఉన్నారో నాకు తెలియదు గానీ, మా మనవరాలు వైష్ణవికి వినపడదన్న సంగతి వాళ్ళందరికంటే ముందు కనిపెట్టినవాణ్ణి నేనే. యంత్రాలు లేవు, పరీక్షలు లేవు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ పట్టేశాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. కొత్తపేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో, మేడమీద వాటాలో ఉండేవాళ్ళం. ఆ రోజు బంద్. నా చీరల దుకాణం షట్టర్ దించి ఇంట్లోనే ఉన్నాను. ఊరేగింపు మా సందులోకి మళ్ళింది. డప్పులు సరిగ్గా మా బాల్కనీ కిందకొచ్చి ఆగాయి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పక్కవాటావాళ్ళ కుక్క మంచం కింద దూరింది. ఎనిమిది నెలల వైష్ణవి మాత్రం చీర ఉయ్యాలలో పడుకుని రెప్ప కూడా కదపలేదు. అప్పుడే నా గుండె కలుక్కుమంది.

ఇన్నేళ్ళుగా అందరికీ ఇలాగే చెబుతున్నాను. చెప్పగా చెప్పగా నాకూ నిజమే అనిపిస్తోంది. కానీ ఇది చదివేవాళ్ళలో చంటిబిడ్డల తల్లిదండ్రులు ఉంటారు, వాళ్ళ దగ్గర గొప్పలకు పోతే నష్టం నాకు కాదు. కాబట్టి మళ్ళీ మొదలుపెడతాను. ఆ రోజు నా గుండె కలుక్కుమనలేదు. పొంగిపోయింది. పక్కవాటావాళ్ళను పిలిచి మరీ ఉయ్యాల చూపించాను.

కారణం ఉంది. మాది పోచంపల్లి వైపు పల్లె, నేతవాళ్ళం. మా ఇళ్ళలో మగ్గం పక్కనే ఉయ్యాల కడతారు. తల్లి పని ఆపకుండా కాలితో ఊపుకోవచ్చు. మగ్గం చప్పుడుకు ఉలిక్కిపడి ఏడ్చే పిల్లను పెంకిది అంటారు, లేవకుండా పడుకునే పిల్లను బుద్ధిమంతురాలు అంటారు. నేను ఊరొదిలి దుకాణం పెట్టి చాలా ఏళ్ళయినా ఆ లెక్క నా తలలోంచి పోలేదు. డప్పులకే లేవని పిల్ల అంటే, మా వంశానికే పేరు తెచ్చే పిల్ల అనుకున్నాను.

తొమ్మిదో నెల నిండాక తట్టు ఇంజెక్షన్ కోసం ఎల్బీనగర్‌లో ఒక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్ళాం. నేనూ, మా కోడలు స్వప్నా. అక్కడి నర్సు రత్నకుమారి గారిది తెనాలి వైపు, వనస్థలిపురంలో కాపురం. సూది వేసి పంపేస్తుందనుకున్నాను. ఆమె ముందు తూకం వేసింది. టేపుతో తల చుట్టుకొలత తీసింది. పాప ఆనుకోకుండా కూర్చుంటోందా, బొమ్మను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటోందా, బ-బ ద-ద అంటోందా అని వరసగా అడిగింది. మొదట్లో ఉంగా ఉంగా అనేదనీ, ఈ మధ్య ఆ కాస్తా తగ్గిందనీ స్వప్న చెప్పింది. రత్నకుమారి గారి ముఖంలో నవ్వు పోయింది.

పాపను స్వప్న ఒళ్ళో కూర్చోబెట్టి, నన్ను ఎదురుగా కూర్చోమంది. ఒక బొమ్మ ఆడించి, పాప చూపు దానిమీద నిలిచాక మెల్లగా దాచేయమంది. నేను దాచగానే ఆమె పాప వెనక పక్కనుంచి, కంటికి కనపడకుండా, చెవి ఎత్తున గిలక ఆడించింది. పాప నన్నే చూస్తోంది. రెండో పక్క ఆడించింది. నన్నే చూస్తోంది. చిన్న గంట మోగించింది. అప్పుడు పాప గబుక్కున తిరిగి కిలకిలా నవ్వింది. విన్నది చూశారా అన్నాను.

"గంటకి కాదండీ. నా నీడ పడితే తిరిగింది" అంది రత్నకుమారి గారు. "నేను చేసింది పరీక్ష కాదు బాబాయ్ గారూ, ఇది అనుమానమే. ఈఎన్‌టీ దగ్గర బెరా అని ఒక టెస్టు ఉంటుంది, అది చేయించండి. వాయిదా మాత్రం వెయ్యకండి. చెవిలో మాట పడితేనే గదా నోట్లోకొచ్చేది."

ఇంజెక్షన్ వేసి, జ్వరం వస్తే ఏ మందు ఎంత వేయాలో చెప్పి పంపింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను స్వప్నతో ఆంధ్రావాళ్ళకు మనల్ని భయపెట్టడం అలవాటేనమ్మా అన్నాను. అప్పటి వేడి అలాంటిది. ఏ మాటకైనా ఆ రంగు పూసేవాళ్ళం.

ఇంటికొచ్చి నా సొంత పరీక్ష పెట్టాను. పాపను నేలమీద కూర్చోబెట్టి, వెనక నిలబడి స్టీలు పళ్ళెం కింద పడేశాను. పాప తిరిగి చూసింది. మళ్ళీ పడేశాను. మళ్ళీ చూసింది. మా అబ్బాయి హమ్మయ్య అన్నాడు. మా ఆవిడ భాగ్యమ్మ పాపకు దిష్టి తీసింది. బంద్‌లు, రాస్తారోకోలు తగ్గాక చూద్దాంలే అని ఈఎన్‌టీ సంగతి పక్కన పెట్టాం. అలా రెండు నెలలు పోయాయి. ఆ పళ్ళెం మీద సొట్టలు చూపించి దుకాణానికొచ్చినవాళ్ళకు కూడా నా పరీక్ష గురించి చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం స్వప్న పాపను సంకలో వేసుకుని నా దగ్గరకొచ్చింది. పళ్ళెం నా చేతికిచ్చి, ఇప్పుడు వెయ్యమంది. వేశాను. పాప తల్లి మెడలోని గొలుసుతో ఆడుకుంటూనే ఉంది. ఇంకా గట్టిగా వేశాను. కింద వాటావాళ్ళు ఏమైందని అరిచారు. పాప తలెత్తలేదు.

"కింద కూసుంటే తిరుగుతది మామా, ఎత్తుకుంటే తిరుగుతలేదు" అంది స్వప్న. "నేల అదిరితే పాపకు తెలుస్తది. చెవితోని కాదు. నేను వారం సంది చూస్తున్న. రేపు నేను పోతా. మీరొస్తే రండ్రి, లేకుంటే లేదు."

నేనూ వెళ్ళాను. ఈఎన్‌టీ ఆస్పత్రిలో ముందు ఓఏఈ అని చెవిలో చిన్న గొట్టం పెట్టి చూశారు, తర్వాత బెరా. బెరాకు పిల్ల కదలకుండా నిద్రపోవాలి. సిరప్ తాగించారు. తలకు, చెవుల వెనక వైర్లు అతికించి, చెవిలో చప్పుడు పెడుతూ తెరమీద గీతలు చూశారు. పక్క పిల్లలకు రెండోసారి సిరప్ పట్టాల్సి వచ్చింది. మా పిల్ల హాయిగా పడుకుంది. ఆ నిద్ర చూసి గర్వపడింది నేనే కదా అనుకుంటూ గోడవైపు తిరిగి కూర్చున్నాను.

డాక్టరు గారు రిపోర్టు చూసి, రెండు చెవులకూ ప్రొఫౌండ్ హియరింగ్ లాస్ అన్నారు. ప్రొఫౌండ్ అంటే ఏమిటని మా అబ్బాయి అడిగితే, పక్కన విమానం లేచినా సరిగా తెలియదు అన్నారు. తర్వాత స్వప్నను అడిగారు, కడుపుతో ఉన్నప్పుడు జ్వరం, దద్దుర్లు ఏమైనా వచ్చాయా అని. మూడో నెలలో వచ్చాయి. ఒళ్ళంతా సన్నగా ఎర్రగా లేచి మూడు రోజుల్లో పోయాయి. అమ్మవారని భాగ్యమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, దవాఖానకు పోవద్దంది. మేమూ సరేనన్నాం.

"రుబెల్లా అయి ఉండొచ్చు. ఇప్పుడు అవునని గట్టిగా చెప్పలేను" అన్నారు డాక్టరు గారు. "తల్లికి అది చిన్న జ్వరమే. లోపల బిడ్డకు చెవి, కన్ను, గుండె దెబ్బతినొచ్చు. కళ్ళు, గుండె కూడా చూపించండి."

రుబెల్లాకు టీకా లేదా అని స్వప్న అడిగింది. ఉందమ్మా, కడుపు రాకముందే వేయించుకోవాలి, మనదగ్గర ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు అన్నారాయన. కంటి పరీక్ష, గుండెకు ఎకో తీయించాం. రెండూ బాగానే ఉన్నాయి. అయినా స్వప్న చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. భాగ్యమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయేది. నేను మాత్రం మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. నాకు భయం వేస్తే నోరు ఎక్కువవుతుంది.

ముందు హియరింగ్ ఎయిడ్లు పెట్టి కొన్ని నెలలు చూడమన్నారు. వైష్ణవి వాటిని పీకి నమిలేది. పెద్దగా ఫలితం రాలేదు. చివరికి ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఒక్కటే దారి అన్నారు. ప్రభుత్వ పథకం కింద చేస్తారు గానీ, దానికి వయసు హద్దు ఉంది. అది దాటితే మా బోటివాళ్ళకు ఆ ఆపరేషన్ అందదు. తేదీ ఇచ్చారు. ఇచ్చి ఒక షరతు పెట్టారు. ఈ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు మెదడు పొరలు వాచే మెనింజైటిస్ ప్రమాదం ఎక్కువ, దాన్ని ఆపే న్యూమోకాకల్ టీకా పడి కనీసం రెండు వారాలు గడవకుండా థియేటర్‌లోకి తీసుకోము, తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేము అన్నారు.

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. చాలా దుకాణాలు మూతే. నేను రోజూ దీక్ష శిబిరంలో కండువా వేసుకుని కూర్చుని, అన్నీ బంద్ కావాలె అని అరిచినవాణ్ణి. ఆ టీకా మా చుట్టుపక్కల మందుల షాపుల్లో దొరకలేదు. రత్నకుమారి గారి క్లినిక్‌లో ఒక్కటి ఉందని తెలిసింది. అదీ ఫ్రిజ్‌లో. రోజూ కరెంటు కోతలు. ఆమే ఫోన్ చేసి, టీకాను ఐసు డబ్బాలో పెట్టాననీ, ఇవాళే రాకపోతే పారేయాల్సి వస్తుందనీ చెప్పింది. ఆ రోజు రోడ్లమీద రాస్తారోకో. మెయిన్ రోడ్డు వదిలేసి సందుల్లోంచి నడిచి వెళ్ళాం.

క్లినిక్ షట్టర్ సగం దించి ఉంది. ఆమె నా మెడలోని కండువా చూసి నిలబడిపోయింది.

"తలుపు తీశానని మీవాళ్ళు గొడవ చేస్తే ఎవరు ఆపుతారు బాబాయ్ గారూ?" అంది.

నేను ఆపుతానన్నాను. షట్టర్ ముందు నిలబడ్డాను. ఆందోళనకారులు గుంపుగా వచ్చారు, నేను చేతులు చాపి అడ్డం నిలబడి, నా శవం మీదుగా పోండిరా అన్నాను. శిబిరంలో ఇలాగే చెప్పాను, చప్పట్లు కూడా కొట్టారు. అసలు జరిగింది ఇదీ. నలుగురు కుర్రాళ్ళు వచ్చారు, మంచినీళ్ళున్నాయా తాతా అన్నారు. లోపల పాప ఏడుపు విని, సూదా అని అడిగి, నీళ్ళు తాగి, నెమ్మదిగా షట్టర్ ఇంకాస్త కిందికి దించి వెళ్ళారు. రత్నకుమారి గారు పాప తొడమీద సూది గుచ్చి, దూదితో అదిమింది. అయ్యాక కుర్చీలో కూలబడింది. ఆంధ్రావాళ్ళ గురించి ఆటోలో నేనన్న మాట స్వప్న ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది. చెవి వెనక కుట్లు మానాక, బయట తగిలించే మిషన్ పెట్టి స్విచ్ ఆన్ చేశారు. ఆ క్షణం పిల్ల నవ్వుతుందని అందరూ చెప్పారు. మా పిల్ల భయంతో నీలుక్కుపోయి ఏడ్చింది, మిషన్ లాగి పారేసింది. ఇంప్లాంట్ పెట్టగానే మాటలు వస్తాయనుకున్నాం. రాలేదు. మాటలు నేర్పే థెరపీకి తిప్పాం. స్వప్న ఉద్యోగం మానేసి పొద్దస్తమానం ప్రతి వస్తువు పేరూ పాప చెవి దగ్గర చెప్పేది. ఒకసారి చెవి వెనక వాచి మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాం, లోపల పెట్టిన ఇంప్లాంట్ ఇక నిలవదేమోనని భయపడ్డాం. నిలిచింది. వైష్ణవి మొదటి మాట "తాత" అని బంధువులందరికీ నేను చెప్పాను. నిజానికి "ఒద్దు". థెరపీ బొమ్మల కార్డులు చూడగానే అంది.

ఇప్పుడు వైష్ణవి పదో తరగతి. మామూలు బడికే పోతుంది. గలగలా మాట్లాడుతుంది, నాతో పోట్లాడుతుంది. పూర్తిగా బాగైంది, అందరిలాగే వింటుంది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్లకు టీకా వేయించడానికి పోయినప్పుడు సూది పడగానే లేచి రాకండి. పిల్ల ఏం చేస్తోందో, ఏం చేయడం లేదో నర్సుకు చెప్పండి, ఆమె అనుమానపడితే ఆ వారమే టెస్టు చేయించండి. ఇంట్లో పళ్ళాలు పడేసి తీర్పులు చెప్పకండి.

ఇక్కడిదాకా రాసి వైష్ణవికి చదవమని ఇచ్చాను. కండువా సంగతి దగ్గర నవ్వింది. చివరికొచ్చేసరికి నవ్వలేదు. పెన్ను తీసుకుని ఒక వాక్యం కింద గీత గీసింది.

"గిది తీసెయ్ తాతా. అందరి లెక్క నాకు వినవడదు. ఫంక్షన్ హాల్ల నాకు ఒక్క ముక్క తెల్వది, ఊరికే తల ఊపుతా. క్లాసుల సార్ బోర్డు దిక్కు తిరిగితే పాఠం పోయినట్టే. పండుకునేటప్పుడు మిషన్ తీస్తే అసలే ఏం ఉండదు. నువ్వు రోజూ తలుపు కాడ నిలబడి ఏదో అంటవు, నాకు నీ పెదవులే కదులుతయి. లైటేసి, నా ముందటికొచ్చి చెప్పు."