బూత్‌లో కూడా నటించిన ఆవిడ

1999. మెల్‌బోర్న్‌లో మా తెలుగువాళ్ళంతా వైటూకే పనిలో, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోకుండా సరిచేసే పనిలో, తలమునకలై ఉన్నారు. మా ఆయనా అంతే. ఏ బార్బీకి, అదే బార్బెక్యూ విందుకి, వెళ్ళినా "మీరు ఏ లాంగ్వేజ్‌లో చేస్తారండీ?" అని నన్నూ అడిగేవాళ్ళు. "చెవులండీ," అనేదాన్ని. నేను ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షించి, అవసరమైతే హియరింగ్ ఎయిడ్ అమర్చేదాన్ని. ఆ జవాబుతో మాట అక్కడే ఆగిపోయేది.

ఆ చలికాలంలో మా క్లినిక్‌కి ఐరిస్ వచ్చింది. అసలు పేరు అది కాదులెండి. ఇంగ్లండులో చిన్న ఊళ్ళ నాటకాలతో మొదలుపెట్టి, లండన్ స్టేజీ ఎక్కి, సినిమాల్లో రాణి దగ్గర్నుంచి హంతకురాలి దాకా వేసి, ఒక టూర్ మీద ఇక్కడికొచ్చి ఉండిపోయిన నటి. ఇప్పుడు కొత్త నాటకం రిహార్సల్‌లో క్యూ అందుకోలేకపోతోందట. క్యూ అంటే ఎదుటి నటుడి చివరి మాట, అది వినపడితేనే తన మాట మొదలుపెట్టాలి. చెవులు చూపించుకురాకపోతే వేషం ఇంకొకరికి ఇస్తానన్నాడు డైరెక్టర్.

"బాగున్నాయని ఒక్క ముక్క చెప్పు డార్లింగ్, వెళ్ళిపోతాను," అంది.

శబ్దం చొరబడని బూత్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చాను. అద్దానికి ఇవతల నుంచి నేను సన్నటి కూతలు పంపుతాను, వినపడ్డప్పుడల్లా నొక్కాలి. ఆవిడ టకటకా నొక్కేసింది. పడుచుపిల్లకి రావలసిన ఫలితం! కానీ రిసెప్షన్ అమ్మాయి వెనక నుంచి ఎంత పిలిచినా పలకలేదు. మళ్ళీ రమ్మన్నాను. మళ్ళీ అదే. హెడ్‌ఫోన్లు మార్చాను, మెషీన్ రిపేరుకి పంపాను. దానికేం లేదని తిరిగొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాతిసారి ఆవిడ చూపు గమనించాను. రెప్ప వాల్చకుండా నా ముఖమే చూస్తోంది. అప్పుడు తట్టింది. కూత పంపిన ప్రతిసారీ నేను తల కాస్త పక్కకి ఊపుతున్నాను. మనవాళ్ళకి అది లేనిదే ఏ పనీ సాగదు కదా! అనుమానం తీరాలని, ఏ శబ్దమూ పంపకుండా ఊరికే తల ఊపాను.

ఆవిడ బటన్ నొక్కింది.

విసురుగా తలుపు తీశాను. "ఐరిస్, ఇది టెస్టు, నాటకం కాదు!"

"ఎంత ముచ్చటగా ఊపుతావో!" అంది, ఏ మాత్రం సిగ్గుపడకుండా. "ఎదుటివాడి ముఖం చూసి మాట అందుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఈ నాటకంలో ఒక సీన్‌లో నా కొడుకు వేషం వేసేవాడికి వీపు పెట్టి నిలబడాలి. అక్కడే చచ్చిపోతున్నాను."

ఇక మాట్లాడకుండా కుర్చీ గోడవైపు తిప్పాను. కూతలు పంపాను. ఇంకా గట్టిగా పంపాను. ఆవిడ బొటనవేలు బటన్ మీద అలాగే ఉంది.

"మొదలుపెట్టావా?" అని అడిగింది.

అప్పటికి సగం టెస్టు అయిపోయింది. ఆ గొంతులో నటన లేదు. నా కోపమంతా దిగిపోయింది. బూత్‌లోకి వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాను, "మొదలుపెట్టాను."

హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత మళ్ళీ మామూలే. అప్పుడే కొత్తగా వచ్చిన డిజిటల్ ఎయిడ్ చూపిస్తే, "జనవరి ఒకటిన ఇది ఆగిపోదూ? స్టేజీ మధ్యలో నా గతేంటి?" అంది. అందులో తేదీల గొడవే లేదు మొర్రో అన్నా వినదే! చివరికి వైటూకే పనిలో ఉన్న మా ఆయనే క్లినిక్‌కి వచ్చి, ఎదురుగా కూర్చుని నచ్చజెప్పాడు. ఆ తర్వాత రంగు బాగాలేదంది. జుట్టులోంచి కనిపిస్తోందంది. ఈల వేస్తోందంది. ఎన్నిసార్లు సరిచేశానో నాకే తెలీదు.

జనవరిలో నాటకానికి మమ్మల్ని పిలిచింది. ఆ సీన్‌లో కొడుకు వేషం అతను వెనక నుంచి గుసగుసగా ఒక మాటన్నాడు. ఆవిడ వెంటనే అందుకుంది.

నాటకమయ్యాక బయట జనం మధ్య నిలబడి, "నా చెవులకేం, ఇన్నేళ్ళలో చుక్క మందు వేయించుకోలేదు," అని చెబుతోంది. వెనకనున్న నేను ఉండబట్టలేక, "అబద్ధం," అని గొణిగాను.

"నువ్వూరుకో డార్లింగ్," అంది, తిరిగి చూడకుండానే.

అప్పట్నుంచి నా బూత్‌లో కుర్చీ గోడవైపే ఉంటుంది. తమకి బాగానే వినపడుతుందని దబాయించేవాళ్ళతో వాదన పెట్టుకోను. కానీ "మొదలుపెట్టావా?" అని ఎవరైనా అడిగితే, జవాబు మాత్రం ఎదురుగా వెళ్ళి నిలబడి చెబుతాను.