తట్టని తలుపు

మా ముత్తాత నీలాద్రిరావు బహద్దరు గారు ముప్పై ఊళ్ల జమీందారు. ఆయన ముందు బంట్రోతు వెండి పొన్ను కర్ర పట్టుకుని నడిచేవాడు. ఆ కర్రతో ఒక్కసారి తడితే ఏ తలుపైనా తెరుచుకునేదని వలస వచ్చాక మా గిరావీన్ ఫ్లాట్‌లో తాతగారు నాకు చెబుతుండేవారు.

నిన్న టీవీలో కాన్‌బెర్రా పార్లమెంటు ప్రారంభం చూపించారు. నల్ల కర్ర పట్టిన అధికారి మూసిన తలుపు తడుతుంటే నా చిన్నప్పటి బడి నాటకం గుర్తొచ్చింది.

ఇంగ్లండు రాజుకూ పార్లమెంటుకూ జరిగిన పోరు గురించిన నాటకమది. నాది రాజుగారి దూత వేషం. తాతగారు వెంట తెచ్చుకున్న ఆ వెండి పొన్ను కర్రే పట్టుకెళ్లాను. నేను దగ్గరికి రాగానే సభ్యుల వేషాల్లో ఉన్న పిల్లలు తలుపు నా ముఖం మీదే ధడాలున వేశారు.

"త్రీ నాక్స్, మేట్! దెన్ వీ ఓపెన్!" అని లోపలి నుంచి ఒకటే నవ్వులు.

మూడుసార్లు తట్టడమంటే అడుక్కోవడమే అనుకున్నాను. తట్టకుండా ఇంటికి వచ్చేశాను.

"దే ఇన్సల్టెడ్ అవర్ స్టిక్, తాతగారూ!"

తాతగారు పొన్నును పంచె అంచుతో తుడుస్తూ అన్నారు.

"రాజు మాట అక్కడ చెల్లదని చెప్పడానికే అలా వేస్తారు నాయనా. జమీందారీలు రద్దు చేసిన రోజున మన అసెంబ్లీ కూడా మా నాన్నగారి ముఖం మీద అలాగే తలుపు వేసింది. ఆయనా తట్టలేదు."

"తడితే తీసేవాళ్లా?"

"ఓట్లడిగి తట్టినవాళ్లకు తీశారు. వాళ్లు లోపలికెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు."

'ఆయనా తట్టలేదు' అన్న మాట తాతగారు గర్వంగా అన్నారని చాలా ఏళ్లు నమ్మాను.

ఆ వెండి పొన్ను ఆ ఏడాదే హారిస్ పార్క్‌లో నగల దుకాణానికి అమ్మేశాం.