పదహారో తేదీ కొవ్వొత్తులు

మే తొమ్మిదిన మధ్యాహ్నం రెండింటికి కెనడాలోని సస్కటూన్ విమానాశ్రయంలో ప్రొఫెసర్ మార్గరెట్ మా తలలు లెక్కపెట్టారు. పన్నెండు మంది పిల్లలు, పదమూడో మనిషిని నేను. నాకు అరవై తొమ్మిదేళ్లు. ఇక్కడి యూనివర్సిటీలో పెద్ద వయసువారిని ఇష్టమైన క్లాసులో కూర్చోనిస్తారు. మా అమ్మాయి ఇంట్లో పగలంతా ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరగలేక కిందటి సెప్టెంబరులో నాటకాల క్లాసులో చేరాను. ఆ క్లాసువాళ్లు ఏటా మే నెలలో లండన్ వెళ్తారు. నాలుగు నాటకాలు చూడటం, మిగతా వేళల్లో ఊరు తిరగడం.

పిల్లల్లో తెలుగమ్మాయి హారిక ఒక్కతే. జగిత్యాల నుంచి కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చింది. నాటకాల క్లాసు ఎందుకు తీసుకున్నావని మొదటి రోజే అడిగాను.

"సీనియర్లు ఈజీ గ్రేడ్ అన్నరు ఆంటీ."

ఆ ఈజీ గ్రేడు ఆమెను లైట్ల బోర్డు దగ్గర కూర్చోబెట్టింది. ఫిబ్రవరిలో మేం వేసిన నాటకానికి వెలుతురంతా ఆ పిల్ల వేళ్ల కిందే నడిచింది. అప్పటినుంచి ఏ గదిలోకి వెళ్లినా ముందు పైకప్పు చూస్తుంది. ఈ ప్రయాణానికి ఆమె రావడానికి కారణం కూడా ఒక్కటే. మా జాబితాలో చివరి నాటకం, పదహారో తేదీ సాయంత్రం ఆడేది, కరెంటు దీపం ఒక్కటి కూడా లేకుండా కొవ్వొత్తుల వెలుగులో ఆడతారు.

మా ఇద్దరికీ ఇంగ్లండ్ వీసా కావాలి. ఫారాలు, వేలిముద్రలు, బ్యాంకు కాగితాలు, వాటితోనే రెండు నెలలు గడిచాయి. ఇంగ్లండ్ లోపలికి ఎలా వెళ్లాలన్నదే మా ఆలోచనంతా.

కాల్గరీలో విమానం మారి సాయంత్రం ఆరున్నరకు బయలుదేరాం. శాకాహారం కావాలని ముందే చెప్పుకుంటే భోజనం అందరికన్నా ముందు వస్తుంది, వెళ్లేవారు గుర్తుంచుకోండి. నా పక్క సీటులో ఒక గోధుమ రైతు. విత్తనాలు వేసే వేళ పొలం తమ్ముడికి అప్పగించి కూతురి పెళ్లికి వెళ్తున్నాడు. "వాడు గింజ లోతు ఎక్కువ పెడతాడు" అని తొమ్మిది గంటలూ మోకాలు ఆడిస్తూనే ఉన్నాడు. నాకూ కన్ను మూతపడలేదు.

పదో తేదీ మధ్యాహ్నం హోటల్‌కు చేరాం. కింగ్స్ క్రాస్ స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరం. గది ఇరుకు, కెటిల్ మాత్రం ఉంది. గదికి ఇద్దరు చొప్పున పంచారు, నాకు హారిక. కౌంటర్ దగ్గర ఆ పిల్ల పాస్‌పోర్టు తెరిచి పెట్టింది. ఆడిట్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు చేసినదాన్ని, కళ్లు ముందు తేదీల మీదకే పోతాయి. కెనడా వీసా గడువు మే పదహారు. మా తిరుగు ప్రయాణం పద్దెనిమిది.

గదిలోకి వెళ్లాక చెప్పాను. హారిక నవ్వి ఫోల్డర్లోంచి స్టడీ పర్మిట్ తీసి చూపించింది.

"పర్మిట్ వచ్చే ఏడాది దాకా ఉంది ఆంటీ. ఏం కాదు."

"పర్మిట్ అక్కడ ఉండటానికి. వీసా లోపలికి వెళ్లడానికి. రెండూ ఒకటి కాదమ్మాయ్."

"నిఖిల్ అన్న వీసా అయిపోయినంక పర్మిట్ చూపించే వచ్చిండు. గ్రూపులో అందరికీ చెప్పిండు. మీకు టెన్షన్ ఎక్కువ."

నిఖిల్ ఆమె సీనియరు. వాట్సాప్ గ్రూపులో అతని మాటకు తిరుగులేదు. నేనేమో నాటకాల క్లాసు ఆంటీని.

పదకొండున నది వెంట నడిచాం, సాయంత్రం మొదటి నాటకం. చౌక టికెట్లు తీసుకుంటే మూడో అంతస్తు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు కింద సీట్లే తీసుకోవడం మంచిది. హాలంతా నవ్వుతున్నారు. నాకు పదహారు, పద్దెనిమిది తప్ప ఏమీ వినపడలేదు.

పన్నెండున డబుల్ డెక్కర్ బస్సులో పై అంతస్తు ముందు సీట్లో కూర్చున్నాం. అప్పుడు అడిగాను: "ఆ అన్న వీసా లేకుండా తిరిగొచ్చింది ఏ దేశం నుంచి?"

"ఏమో. అడగలే."

"అడుగు."

విసుగ్గానే మెసేజ్ పెట్టింది. జవాబు మ్యూజియంలో, ఈజిప్టు మమ్మీల గదిలో నిలబడి ఉండగా వచ్చింది. హారిక చదివి ఫోన్ నాకిచ్చింది. "మైనాట్ పోయినం. కారులో. షాపింగ్‌కి." మైనాట్ అంటే సరిహద్దుకు అవతల ఉన్న అమెరికా ఊరు, మావైపు వాళ్లు సెలవు దొరికితే బట్టలు కొనుక్కోవడానికి వెళ్తారు.

బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుని ఎయిర్‌లైన్‌కు హారికే ఫోన్ చేసింది. అటువైపు ఆమె ఓపిగ్గా చెప్పింది. అమెరికా మాత్రమే వెళ్లి నేరుగా తిరిగొస్తే పర్మిట్ సరిపోతుంది. ఇంగ్లండ్ నుంచైతే వీసా ఉండాలి, లేకపోతే విమానం ఎక్కనివ్వరు. ఇక్కడినుంచి కొత్త వీసాకు పెట్టుకుంటే ఎన్ని వారాలో చెప్పలేం.

ఇరవయ్యో తేదీ నుంచి హారికకు క్లాసులు. అవి పోతే ఫుల్‌టైమ్ స్టూడెంట్ కాదు, సూపర్‌మార్కెట్‌లో ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత పర్మిటే ప్రశ్న అవుతుంది. ఇవన్నీ నేను చెప్పనక్కర్లేదు. ఆ పిల్ల ముఖంలోనే కనిపిస్తున్నాయి.

"నాటకం పదహారు సాయంత్రం ఆంటీ" అంది.

"అవును."

హారిక మళ్లీ ఫోన్ చేసి పదహారు మధ్యాహ్నం విమానానికి టికెట్ మార్చమంది. మార్పు రుసుము రెండు వందల పది డాలర్లు.

అదే నాటకం పదిహేనున మధ్యాహ్నం కూడా ఉంది, టికెట్లు అయిపోయాయి. ఎవరైనా వెనక్కిస్తే వరుసలో ఉన్నవారికి ఇస్తారని ప్రొఫెసర్ మార్గరెట్ చెప్పారు. ఆ రోజు మిగతావాళ్లు ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. మేం పదిన్నరకు వరుసలో నిలబడ్డాం. మా ముందు ఒకే ఒక్కావిడ, నా ఈడుదే, మడత స్టూలు వేసుకుని కూర్చుంది.

"నాకు మోకాళ్లు లేవు, ఓపిక ఉంది" అంది.

రెండుంబావుకు ఒక్క టికెట్ వచ్చింది. అది ఆవిడది. లేచి, హారికను చూసి, స్టూలు నా వైపు జరిపి లోపలికి వెళ్లిపోయింది. రెండున్నరకు తలుపులు మూశారు. హారిక ఆ తలుపుల సందు దగ్గర నిలబడింది.

"మైనం వాసన వస్తుంది ఆంటీ" అంది.

పదహారు ఉదయం ట్యూబ్ రైల్లో హీత్రూ విమానాశ్రయం దాకా వెళ్లి దింపాను. దాదాపు గంట ప్రయాణం. లోపలికి వెళ్లబోతూ వెనక్కి తిరిగింది.

"ఆంటీ, ఒక్కటి చూసి చెప్పండి. కొవ్వొత్తులు ఎవరు ఆర్పుతరు? యాక్టర్లా, క్రూనా? నేను బోర్డు మీద ఒక్క వేలితో స్లైడర్ కిందికి లాగుతా, అయిపోతది. వాళ్లెట్ల చేస్తరో చూడండి."

విమానం పన్నెండు నలభైకి. మూడింటికి మెసేజ్: "ఇంకా గేట్ దగ్గరే." ఆరింటికి: "ఇంజనీర్లు చూస్తున్నరట." నేను లెక్క వేసుకున్నాను. ప్రయాణం తొమ్మిది గంటలు, కాల్గరీ గడియారం ఏడు గంటలు వెనక. లండన్‌లో రాత్రి పదిలోపు ఎగిరితేనే అక్కడ పదహారో తేదీ మిగులుతుంది. ఏడున్నరకు నాటకం మొదలు. ఫోన్లు ఆపమన్నారు. ఆపాను. పక్కన హారిక సీటు ఖాళీగా ఉంది, నా చేతిసంచి అందులో పెట్టాను, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

హాలు చిన్నది, అంతా చెక్క. పైనుంచి ఆరు కొవ్వొత్తుల గుత్తులు తాళ్లకు వేలాడుతున్నాయి. నేను పైకే చూస్తూ కూర్చున్నాను. అవతలి పక్కన ఉన్న ముసలాయన వంగి, "నాటకం కింద జరుగుతోందండీ" అన్నాడు మెల్లగా. తెలుసని తలూపి మళ్లీ పైకి చూశాను.

బయటకు వచ్చేసరికి పదీ పది. ఫోన్ వెలిగింది. "ఎక్కిన. డోర్ మూసిన్రు." పంపిన సమయం ఏడూ నలభై. అయినా పడుకోలేకపోయాను. విమానం దిగాక క్యూ ఎంత ఉంటుందో ఎవరికి తెలుసు? తెల్లవారుజామున ఐదున్నరకు ఇంకొకటి వచ్చింది: "లోపలికొచ్చిన ఆంటీ. ఆఫీసర్ డేట్ చూసి వాచీ చూసుకున్నడు. స్టాంప్ కొట్టిండు."

పదిహేడున ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు. వంతెనలు, గుర్రాలు, రెండున్నర పౌండ్ల టీ.

పద్దెనిమిదిన మా విమానం వేళకే ఎగిరింది. లండన్ ఎలా ఉందని మా అమ్మాయి అడుగుతుందని దారంతా ఆలోచించాను. నాకు మిగిలింది ఒక మూసిన తలుపు, ఒక మడత స్టూలు, ఆరు కొవ్వొత్తుల గుత్తులు. పాస్‌పోర్టు మాత్రం నాలుగుసార్లు తీసి చూసుకున్నాను. నా తేదీలకు ఢోకా లేదని తెలిసీ చూసుకున్నాను.

సస్కటూన్‌లో సాయంత్రం ఏడింటికి సామాన్ల బెల్టు దగ్గరకు వచ్చేసరికి హారిక నిలబడి ఉంది. పక్కన గడ్డం కుర్రాడు, చేతిలో కారు తాళాలు.

"నిఖిల్ అన్న" అంది హారిక.

"సారీ ఆంటీ. లండన్ అని నాకు చెప్పలే ఈ పిల్ల" అన్నాడతను.

"నువ్వూ మైనాట్ అని చెప్పలేదు నాయనా."

"అదంతా తర్వాత" అని హారిక నా బ్యాగు లాక్కుంది. "ఎవరు ఆర్పిన్రు ఆంటీ?"

బెల్టు పక్కనే నిలబడి చూపించాను. గుత్తులు తాళ్ల మీద దిగుతాయి. నటులే, మాట ఆపకుండా, పొడవాటి కర్ర చివర చిన్న గిన్నెలాంటిది పెట్టి ఒక్కో మంటనూ మూస్తారు. ఊదరు. చివరికి ఒక్క కొవ్వొత్తి మిగులుతుంది. దాన్ని ఎవరూ ఆర్పరు. ఒకావిడ చేత్తో పట్టుకుని మెల్లగా నడిచి వెళ్లిపోతుంది. ఆవిడ దాటిన చోటల్లా వెనకాల చీకటి పడుతుంది. నేను ట్రాలీ చుట్టూ అలా నడిచి చూపించాను. జనం తప్పుకుని దారిచ్చారు.

"ఎందుకు పోతుంది ఆంటీ ఆమె? కథేంది?" అన్నాడు నిఖిల్.

ఆవిడ ఎవరి కూతురో, ఎవరి మీద కోపంతో వెళ్లిందో నాకు తెలియదు.

"కథ మన క్లాసువాళ్లను అడగాలి" అన్నాను.

హారిక మా మాటలు వినడం లేదు. తల పైకెత్తి, విమానాశ్రయం కప్పులో వరుసగా ఉన్న లైట్లను చూస్తూ, లేని కర్రతో ఒక్కొక్కటే మూసుకుంటూ వెళ్తోంది.